డిటెన్షన్ జాబితా కన్నా ముందే ఇంటికి చేరవలసిన ఉత్తరం: విశ్వవిద్యాలయ అకడమిక్ కౌన్సిల్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి, అకడమిక్ కౌన్సిల్ సభ్యులకు, పరీక్షల విభాగం అధికారులకు నమస్కారములు.

వచ్చే విద్యా సంవత్సరంలో బీటెక్‌లో చేరబోయే విద్యార్థుల కోసం కొత్త రెగ్యులేషన్ ముసాయిదా తయారవుతోందని అనుబంధ కళాశాలలకు తెలియజేశారు. సిలబస్ మీద చర్చ బాగానే నడుస్తోంది. మెషిన్ లెర్నింగ్‌ను ఏ సెమిస్టర్‌లో పెట్టాలి, ఏ ల్యాబును తీసేయవచ్చు అని మా అభిప్రాయాలు కూడా అడిగారు, సంతోషం. అయితే విద్యార్థి నాలుగేళ్ల జీవితాన్ని సిలబస్ కన్నా గట్టిగా శాసించేవి రెగ్యులేషన్ పుస్తకంలోని మొదటి పేజీలు: హాజరు, ప్రమోషన్, సప్లిమెంటరీ, రీవాల్యుయేషన్, రీ-అడ్మిషన్. ఆ పేజీల గురించి మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి, అవి పాత పుస్తకంలో నుంచి ఉన్నవి ఉన్నట్టుగా కొత్తదానిలోకి వచ్చేస్తాయేమోనన్న అనుమానంతో ఈ లేఖ రాస్తున్నాను. చాలాకాలంగా పాఠాలు చెబుతూ, మధ్యలో ఎగ్జామ్ బ్రాంచ్‌లోనూ పనిచేసిన అధ్యాపకుడిగా నా విన్నపం ఒక్కటే. ఒక విద్యార్థి వెనకబడుతున్న సంగతి మన రికార్డులకు తెలిసే తేదీకీ, ఆ సంగతి మీద మన నిబంధన కదిలే తేదీకీ మధ్య ఉన్న ఎడాన్ని కొత్త రెగ్యులేషన్‌లో తగ్గించండి.

ముందుగా హాజరు సంగతి చూద్దాం. సెమిస్టర్‌కు 16 వారాలు, వారానికి ఆరు రోజుల చొప్పున 96 పనిదినాలు అనుకుంటే, పరీక్ష రాయడానికి కావలసిన 75 శాతం హాజరుకు 72 రోజులు రావాలి. కండొనేషన్ (తగ్గిన హాజరుకు మన్నింపు) దొరికే 65 శాతానికైనా 63 రోజులు ఉండాలి. నాలుగో వారం ముగిసేసరికి 24 రోజుల్లో పది రోజులే వచ్చిన విద్యార్థి మిగిలిన 72 రోజుల్లో 62 రోజులు వస్తే నెగ్గుకురాగలడు. కష్టమే కానీ అసాధ్యం కాదు. అదే ఎనిమిదో వారం చివర 24 రోజుల హాజరుతో ఉన్నవాడైతే, ఆ తర్వాత 48 రోజుల్లో జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళైనా, చావైనా ఒక్కరోజు కూడా మానకుండా వస్తే తప్ప 72 పూర్తికావు. అప్పటికి 15 రోజులైనా లేనివాడు రోజూ వచ్చినా 65 శాతాన్ని కూడా అందుకోలేడు, అంటే ఆ సెమిస్టర్ సగంలోనే ముగిసిపోయింది. ఈ లెక్క కట్టడానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. కానీ మన రెగ్యులేషన్‌లో హాజరు తక్కువైన వారి విషయంలో కళాశాల ఏదైనా చేసి తీరాలని చెప్పే మొదటి తేదీ, సెమిస్టర్ చివర హాల్‌టికెట్లకు ముందు డిటెన్షన్ జాబితా, అంటే హాజరు చాలక పరీక్ష రాయకుండా ఆపేసేవారి జాబితా, పంపే తేదీయే. చాలామంది తల్లిదండ్రులకు కళాశాల నుంచి అందే మొట్టమొదటి సరైన కబురు కూడా అదే: మీ అబ్బాయి డిటెయిన్ అయ్యాడు, వచ్చి సంతకం పెట్టండి.

నెలనెలా ఎస్ఎంఎస్ పంపుతున్నాం కదా అంటారు. పంపుతున్న మాట నిజమే. ఏ కళాశాలలోనైనా ఒక సెక్షన్ మెంటర్ రిజిస్టరు తెరిపించి చూడండి. తండ్రి ఫోన్ నంబరు అన్న గడిలో కొన్నిచోట్ల విద్యార్థి సొంత రెండో సిమ్ నంబరు ఉంటుంది, కొన్నిచోట్ల హాస్టల్ స్నేహితుడిది ఉంటుంది, ఒక్కోచోట తొమ్మిది అంకెలే ఉంటాయి. ‘పేరెంట్‌కు తెలియజేయబడినది’ అన్న గడి మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే పెన్నుతో, ఒకే ఏటవాలు రాతతో నిండి ఉంటుంది, ఎందుకంటే ఆ రిజిస్టరును చాలాచోట్ల కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు ఒక్కరోజులో పూర్తిచేస్తారు. ఇందులో మెంటర్లను తప్పుపట్టి లాభం లేదు. ఆ గడి ఎప్పుడు నింపాలో, నింపకపోతే ఏమవుతుందో, నింపాక ఏం చేయాలో మీ పుస్తకంలో ఎక్కడా లేదు.

65కూ 75కూ మధ్య ఉన్నవారికి వైద్య కారణాల మీద కండొనేషన్ ఇస్తున్నాం. సర్టిఫికెట్లను బట్టి చెప్పాలంటే మా కళాశాలలో ప్రతి సెమిస్టర్ చివరి వారంలోనూ టైఫాయిడ్ ప్రబలుతుంది! అసలు కారణాలు వేరు. తండ్రి మంచం పట్టడంతో పనికి వెళ్ళవలసి వచ్చినవారు, హాస్టల్ ఫీజు కట్టలేక రోజూ దూరం నుంచి బస్సులో వస్తూ మొదటి పీరియడ్ పోగొట్టుకునేవారు, ఇంగ్లిష్‌లో పాఠం అర్థంకాక క్లాసులో కూర్చోవడానికే భయపడేవారు, ఎవరికీ చెప్పుకోలేని దిగులుతో గది తలుపు వేసుకున్నవారు ఉంటారు. వీటిలో వేటికీ మన ఫారంలో గడి లేదు కాబట్టి అందరూ టైఫాయిడ్ సర్టిఫికెట్టే తెస్తున్నారు. మనం ఫీజు కట్టించుకుని సంతకం పెడుతున్నాం. ఆ ఫారంలో అసలు కారణం రాసుకునే వీలిచ్చి, ఆ కారణాన్ని బట్టి ఎవరిని ఎవరి దగ్గరికి పంపాలో నిర్ణయించడం మంచిది. కండొనేషన్ ఫీజును రద్దు చేయమని కూడా కోరుతున్నాను, ఎందుకంటే అది మానేసిన క్లాసులను తిరిగి తేలేదు, నిజంగా కష్టంలో ఉన్న ఇంటికి మరో ఖర్చును మాత్రం తేగలదు.

డిటెయిన్ అయినవారు పోగొట్టుకునేది పేరుకు ఒక సెమిస్టరే అయినా నిజానికి ఒక సంవత్సరం. మొదటి సెమిస్టర్ పాఠాలు మళ్ళీ వచ్చే ఏడాది మొదటి సెమిస్టర్‌లోనే చెబుతాం కాబట్టి మధ్య కాలమంతా ఆ విద్యార్థి ఏ క్లాసుకూ చెందడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకు, మళ్ళీ చదివే కాలానికి ఆ సాయం అందక సొంతంగా కట్టుకోవలసి వస్తోంది. చదువు మానేసిన వారిలో డిటెయిన్ కావడం వల్ల కన్నా, ఆ ఖాళీ నెలల్లో ఇంటికి వెళ్ళి మళ్ళీ తిరిగి రాకపోవడం వల్ల పోయినవారే మా అనుభవంలో ఎక్కువ. ఆ కాలంలో వారికి పాత బ్యాక్‌లాగ్‌ల (తప్పిన పేపర్ల) కోసం క్లాసుల్లో కూర్చునే అనుమతి, లైబ్రరీ కార్డు, హాస్టల్ గది, ఒక మెంటర్ ఉండాలని ఒక్క వాక్యం రాయండి చాలు. ఇప్పుడైతే డిటెయిన్ అయిన మరునాడే వారి పేరు అన్ని రోల్స్ నుంచీ తీసేస్తున్నారు.

క్రెడిట్ల (సబ్జెక్టు గట్టెక్కితే జమయ్యే పాయింట్ల) విషయం ఇంకా చిత్రమైనది. 2018లో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళిక బీటెక్ డిగ్రీని 160 క్రెడిట్లకు కుదించాక మనమూ అదే పాటిస్తున్నాం. ఏడాదికి సుమారు 40 క్రెడిట్లు, మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి వెళ్ళడానికి అందులో సగం రావాలి. ల్యాబులు, ఇంగ్లిష్, డ్రాయింగ్, వర్క్‌షాప్, వాటికి తోడు ఒకటిరెండు థియరీ పేపర్లు గట్టెక్కితే 20 దాటే వీలుంది. అంటే మ్యాథమెటిక్స్ రెండు పేపర్లూ పోయినా రెండో ఏడాదికి వెళ్ళవచ్చు. అలా వెళ్ళిన ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) విద్యార్థి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ క్లాసులో మొదటి వారమే ఫోరియర్ సిరీస్ ముందు నిలబడతాడు, ఆ మరుసటి సెమిస్టర్‌లో కంట్రోల్ సిస్టమ్స్‌లో లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ ఎదురవుతుంది. మెకానికల్‌లో ఇంజనీరింగ్ మెకానిక్స్ రానివారికి స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్ గీయడం రాదు. కంప్యూటర్ సైన్స్‌లో సీ భాషలో పాయింటర్లు పట్టుబడనివారికి డేటా స్ట్రక్చర్స్‌లో లింక్డ్ లిస్ట్ వంటబట్టదు. పునాది సబ్జెక్టుకూ పక్క సబ్జెక్టుకూ ఒకే తూకం వేసే ప్రమోషన్ నిబంధన, రెండో ఏడాదిలో కూలబోయే విద్యార్థికి మొదటి ఏడాది చివర ఉత్తీర్ణత పత్రం ఇచ్చి పంపుతోంది. మూడో ఏడాది ప్రమోషన్ దగ్గర ఆపినప్పుడు అప్పటికే బ్యాక్‌లాగ్‌లు గుట్టగా పేరుకుని ఉంటాయి.

దీనికి మందు ప్రమోషన్‌ను మరింత కఠినం చేయడమని నేను అనడం లేదు. మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) మార్కులు సెమిస్టర్ సగానికే మన పోర్టల్‌లోకి ఎక్కుతున్నాయి. 30 మార్కుల ఇంటర్నల్స్‌కు ఆరో, ఏడో వచ్చిన విద్యార్థి 70 మార్కుల ఎండ్ పరీక్షలో తప్పుతాడని ఊహించడానికి జ్యోతిష్యం రానక్కర్లేదు. పునాది సబ్జెక్టులను ప్రతి బ్రాంచ్ బోర్డూ ముందే గుర్తించి, మొదటి మిడ్‌లో ఆ సబ్జెక్టులో బాగా తగ్గినవారికి వారానికి రెండు గంటల ట్యుటోరియల్‌ను టైమ్‌టేబుల్‌లోనే చేర్చాలని, దానిని చెప్పే అధ్యాపకుడికి ఆ గంటలు వర్క్‌లోడ్‌లో లెక్కవేయాలని రెగ్యులేషన్‌లో రాయవచ్చు. ‘రెమెడియల్ క్లాసులు నిర్వహించవలెను’ అన్న వాక్యం ఇప్పుడూ ఉంది. సాయంత్రం కాలేజీ బస్సులు బయలుదేరాక, వర్క్‌లోడ్‌కు ఎక్కని గంటల్లో, హాజరు తీసుకోని క్లాసుగా అది ఎలా నడుస్తుందో సభ్యులు ఊహించగలరు.

పేరుకు క్రెడిట్ పద్ధతి అని పెట్టుకున్నాం గానీ మనం నడుపుతున్నది పాత సంవత్సర పద్ధతినే. క్రెడిట్ పద్ధతి అసలు ప్రయోజనం, విద్యార్థి తన శక్తిని బట్టి ఒక సెమిస్టర్‌లో తక్కువ, మరో సెమిస్టర్‌లో ఎక్కువ సబ్జెక్టులు తీసుకోగలగడం. 2020 జాతీయ విద్యా విధానం ఈ వెసులుబాటు గురించి మాట్లాడింది, 2021లో యూజీసీ క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంకుకు నిబంధనలు తెచ్చింది, మనం విద్యార్థులందరి చేత అందులో ఖాతాలు తెరిపించాం. కానీ నాలుగు బ్యాక్‌లాగ్‌లు మోస్తున్న విద్యార్థి చేత ఈ సెమిస్టర్ సబ్జెక్టులు కూడా అన్నీ రిజిస్టర్ చేయిస్తున్నాం. కొత్తవాటిలో రెండు వదిలి, పాతవాటిలో రెండు క్లాసులో కూర్చుని చదువుకోవడానికి అనుమతి ఇస్తే డిటెయిన్ కావలసినవారిలో కొందరైనా ఆగకుండా ముందుకు సాగుతారు. నాలుగేళ్ల కోర్సును ఎనిమిదేళ్లలో పూర్తిచేసుకోవచ్చని మన పుస్తకమే చెబుతున్నప్పుడు, అయిదేళ్లలో పద్ధతి ప్రకారం పూర్తిచేసే దారి ఒకటి ఉండడంలో తప్పేముంది?

సప్లిమెంటరీ పరీక్షల క్యాలెండర్‌ను విడిగా పరిశీలించమని కోరుతున్నాను. మొదటి సెమిస్టర్‌లో తప్పిన పేపరును మళ్ళీ రాయడానికి తర్వాతి బ్యాచ్ రెగ్యులర్ పరీక్షల దాకా ఆగవలసి వస్తోంది. చదివినది ఏడాది తర్వాత ఎవరికి గుర్తుంటుంది? అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ చివరి ఏడాది వారికి మాత్రమే పెడుతున్నాం, అది ఉద్యోగ ఆఫర్లు పోకుండా ఉండడానికి. అదే సౌకర్యం మొదటి ఏడాది వారికి ఫలితాలు వచ్చిన నాలుగైదు వారాల్లో కల్పిస్తే బ్యాక్‌లాగ్‌లు అంత దూరం వెంట రావు. పేపర్ల దిద్దుబాటు భారం పెరుగుతుందన్నది న్యాయమైన అభ్యంతరమే. పునాది సబ్జెక్టులకు మాత్రమే మొదలుపెట్టినా చాలు.

రీవాల్యుయేషన్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, మీ కార్యాలయానికి వచ్చే వినతులే సాక్ష్యం. రీవాల్యుయేషన్ ఫలితం రాకముందే సప్లిమెంటరీ ఫీజు గడువు ముగుస్తోంది కాబట్టి విద్యార్థి రెండింటికీ కడుతున్నాడు. రీవాల్యుయేషన్‌లో నెగ్గితే సప్లిమెంటరీ ఫీజు తిరిగి రాదు. ఫలితం వచ్చాకే గడువు పెట్టండి, లేదా నెగ్గినవారి ఫీజు తర్వాతి పరీక్షకు సర్దుబాటు చేయండి. దిద్దిన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లోనే సమాచార హక్కు చట్టం కింద తీర్పు చెప్పింది. అయినా జవాబుపత్రం నకలు పొందడాన్ని మన దగ్గర రీవాల్యుయేషన్ కన్నా ఖరీదైన వ్యవహారంగా ఉంచాం. తన పేపరును తాను చూసుకున్న విద్యార్థి చాలాసార్లు రీవాల్యుయేషన్ అడగడు, ఎక్కడ తప్పిందో తెలుస్తుంది కాబట్టి చదువుకుంటాడు.

లాటరల్ ఎంట్రీ విద్యార్థుల మాట ఈ లేఖలో మరచిపోకూడదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరే ఈ పిల్లలు ల్యాబులో మిగతావారి కన్నా చురుగ్గా ఉంటారు. మోటారు విప్పి బిగించమంటే వెనకాడరు. మొదటి ఏడాది మ్యాథమెటిక్స్ క్లాసులో వారు కూర్చోలేదు, రెండో ఏడాది అధ్యాపకుడు ఆ పాఠాలు వచ్చనుకుని మొదలుపెడతాడు. వీరికి మూడు వారాల బ్రిడ్జ్ కోర్సు క్లాసులకు ముందే పెట్టాలి. మొదటి ఏడాది విద్యార్థులకు ఏఐసీటీఈ చెప్పిన మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం ఉన్నప్పుడు వీరికి మాత్రం ఏమీ లేకపోవడం వివక్షలాగే కనబడుతోంది. రెగ్యులేషన్ మారిన సమయంలో రీ-అడ్మిషన్ తీసుకునేవారిదీ ఇలాంటి ఇబ్బందే. పాత పుస్తకం కింద ఆగిపోయి కొత్త పుస్తకం కిందికి వచ్చేసరికి ఏ సబ్జెక్టుకు ఏది ప్రత్యామ్నాయమో చెప్పే పట్టిక పరీక్షలు దగ్గరపడ్డాక గానీ రావడం లేదు. కొత్త రెగ్యులేషన్‌తో పాటే ఆ పట్టికనూ విడుదల చేస్తే సగం గందరగోళం పుట్టదు.

ఇక విద్యార్థికి అండ అన్న మాట. ఏఐసీటీఈ ప్రమాణం ప్రకారం ఒక్కో అధ్యాపకుడికి 20 మంది విద్యార్థులు. ఆ 20 మందికీ మెంటర్‌గా కూడా ఆ అధ్యాపకుడినే వేస్తున్నాం. కాగితం మీద బాగుంది. కానీ ఆ మెంటరే వారికి పాఠం చెబుతాడు, ఇంటర్నల్ మార్కులూ వేస్తాడు, హాజరూ వేస్తాడు. తన మీద తీర్పు చెప్పే మనిషి దగ్గర తన గోడు చెప్పుకోమని పందొమ్మిదేళ్ల పిల్లను అడుగుతున్నాం. చాలా కళాశాలల్లో నోటీసు బోర్డు మీద కౌన్సెలర్ అని పేరున్నదీ శిక్షణ లేని మరో అధ్యాపకుడిదే. 2025 మార్చిలో సుప్రీంకోర్టు విద్యార్థుల ఆత్మహత్యల మీద జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది. అదే ఏడాది జూలైలో, విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో తీర్పు చెబుతూ, వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ గానీ, మానసిక నిపుణులు గానీ, సామాజిక కార్యకర్త గానీ కనీసం ఒకరు ఉండాలని ఆదేశించింది. మన అనుబంధ కళాశాలల్లో వంద మందికి తక్కువ విద్యార్థులున్నది దాదాపు ఉండదు. అఫిలియేషన్ తనిఖీకి వచ్చే బృందం ల్యాబులో కంప్యూటర్లను లెక్కపెడుతుంది, లైబ్రరీలో పుస్తకాలను లెక్కపెడుతుంది. ఆ కౌన్సెలర్ అర్హత పత్రాన్ని, నియామక ఉత్తరువును, కూర్చోవడానికి తలుపున్న గది ఉందా లేదా అన్న సంగతిని కూడా ఆ తనిఖీ ఫారంలో చేర్చమని కోరుతున్నాను.

ఫిర్యాదుల పరిష్కారానికి 2023లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, సంతృప్తి చెందనివారు అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్ళవచ్చు. ఈ సంగతి మా విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసునన్నది వేరే ప్రశ్న. హాల్‌టికెట్ నిరాకరణ మీద వచ్చే ఫిర్యాదుకు 15 రోజుల గడువు ఎందుకూ పనికిరాదు, అప్పటికి పరీక్షలు అయిపోతాయి. అందుకని డిటెన్షన్ జాబితాను పరీక్షలకు కనీసం మూడు వారాల ముందు ప్రకటించి, ఆ లోపల విచారణ ముగించే పద్ధతి పెట్టడం అవసరం.

ఈ సూచనలను విన్న సహోద్యోగులు కొందరు, ఇలా వెసులుబాట్లు ఇస్తూ పోతే క్లాసులో బెంచీలే మిగులుతాయని అన్నారు. వారి భయం నాకూ ఉంది. కోవిడ్ కాలంలో డిటెన్షన్ నిబంధనలు సడలించినప్పుడు ఏం జరిగిందో చూశాం. ఆగకుండా పై తరగతికి వెళ్ళినవారిలో కొందరు ఆఖరి ఏడాదికి పదికి పైగా బ్యాక్‌లాగ్‌లతో చేరి, ప్లేస్‌మెంట్ గది గుమ్మం కూడా ఎక్కలేకపోయారు. ఆ సడలింపులో ఆపడం లేదు, సాయమూ లేదు. అందుకే 75 శాతాన్ని తగ్గించమని గానీ, పాస్ మార్కులు మార్చమని గానీ ఈ లేఖలో నేను ఎక్కడా కోరలేదు. హాజరు తగ్గుతున్న విద్యార్థికి నాలుగో వారంలోనూ ఎనిమిదో వారంలోనూ సంతకం తీసుకుని లిఖితపూర్వక హెచ్చరిక ఇవ్వాలని, తల్లిదండ్రులకు ఇంటి చిరునామాకు తెలుగులో ఉత్తరం వేయాలని, ఈ రెండూ జరిగినట్టు రుజువు లేని విద్యార్థి పేరును డిటెన్షన్ జాబితాలో విశ్వవిద్యాలయం స్వీకరించకూడదని మాత్రం కోరుతున్నాను. చివరి షరతు లేకపోతే మొదటి రెండూ మెంటర్ రిజిస్టరులో ఒకే పెన్నుతో నిండిపోతాయి.

అకడమిక్ కౌన్సిల్ తదుపరి సమావేశంలో కొత్త రెగ్యులేషన్ ముసాయిదా ఆమోదానికి వచ్చేముందు హాజరు, ప్రమోషన్, సప్లిమెంటరీ, రీ-అడ్మిషన్ అధ్యాయాలను అనుబంధ కళాశాలల అధ్యాపకుల, విద్యార్థుల అభిప్రాయం కోసం విడుదల చేయవలసిందిగా మనవి. అభిప్రాయాలు చెప్పడానికి కనీసం నెల రోజుల వ్యవధి ఇవ్వండి. పరీక్షల డ్యూటీలో ఉండే నెల కాకుండా చూడండి, ఆ నెలలో మేమెవ్వరమూ ఏదీ చదవలేం.

భవదీయుడు,
ఒక అనుబంధ ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకుడు